నడుము నొప్పికి, కీళ్ళ నొప్పికి భౌతిక చికిత్స
(పంచాయతీ సభ్యుల పాఠము)

గ్రామమున జ్వరములు వ్యాపించినపుడు పంచాయతీ వెంటనే మేల్కొనును. మురుగు తీయించును, నీటి తొట్లు కడిగించును, వైద్యునికి కబురు పంపును. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి వచ్చినపుడు మాత్రము ఎవరును మేల్కొనరు. అది అంటువ్యాధి కాదు, సాధారణముగా ప్రాణము తీయదు. కావున అది ఆ యింటివారి బాధగానే మిగిలిపోవును. కాని నాట్ల కాలమున ఒక స్త్రీ నడుము పట్టి మంచమెక్కినచో ఆ యింటికి ఆ కారు కూలి పోవును. మోకాళ్ళు వంగని ముసలివాడు మరుగుదొడ్డి వాడలేక, బయటికి పోలేక, ఒకరి చేయూతకై ఎదురు చూచుచు దినములు గడపును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2020వ సంవత్సరమున ప్రపంచములో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడిరి. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటునని అంచనా. మనుష్యులను పనికి దూరము చేయు కారణములలో ఇంత పెద్దది మరియొకటి లేదు.

ఈ పాఠములో ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. ఈ నొప్పులలో అధిక భాగమునకు అసలు చికిత్స సూదిలోను లేదు, మాత్రలోను లేదు. తగిన వ్యాయామమును తగిన మోతాదులో ప్రతి దినము చేయుటయే ఆ చికిత్స. దీనినే ఫిజియోథెరపీ, అనగా భౌతిక చికిత్స అందురు. ఇది ఒక్కనాటితో తీరునది కాదు గనుక ఇంటికి చేరువలో దొరకవలెను. దానిని చేరువకు తెచ్చుట పంచాయతీ పూనుకొనదగిన పని.

కండ్లకోయ పరిసరములు

హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు జాతీయ రహదారిపై, మేడ్చల్‌కు చేరువలో కండ్లకోయ యున్నది. నగరము చుట్టును వేసిన 158 కిలోమీటర్ల వలయ రహదారి ఇచ్చటనే ఆ జాతీయ రహదారిని కలియును. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ ఊరు చేరినది. ఇటీవలి సంవత్సరములలో కండ్లకోయ గ్రామ పంచాయతీ పాలన నుండి పట్టణ పాలనలోనికి మారినది. ఐనను చుట్టుపట్ల పల్లెల వారికి ఇచ్చటి మార్పులు ముందుచూపునకు ఉపకరించును.

ఒక తరము క్రిందట మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ద్రాక్ష తోటలకు పేరుపొందినవి. ద్రాక్షకు పందిరి వేయుదురు. పందిరి క్రింద కొమ్మలు కత్తిరించువారు, గెలలు సవరించువారు గంటల తరబడి చేతులు పైకెత్తి, మెడ వెనుకకు వంచి పని చేయవలెను. వరి మడిలో నాటు వేయు స్త్రీలు దినమంతయు నడుము వంచియే యుందురు. నేడు తోటలు తగ్గినవి. వాటి స్థానమున కర్మాగారములు, గిడ్డంగులు, కళాశాలలు, ఎత్తైన కట్టడములు వచ్చినవి. బస్తాలు మోయువారు, ఇటుకలు ఎత్తువారు, లారీలు నడుపువారు, బల్లముందు కదలక కూర్చుండి కంప్యూటరుపై పని చేయువారు ఒకే ఊరిలో కనబడుచున్నారు. పని మారినది గాని నడుము నొప్పి మారలేదు. వంగినవానికిని వచ్చుచున్నది, వంగనివానికిని వచ్చుచున్నది.

నొప్పి ఎందుకు వచ్చును?

మన వెన్నెముకలో మెడకు ఏడు, వీపునకు పండ్రెండు, నడుమునకు ఐదు, వెరసి కదలు పూసలు 24 కలవు. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ళలున్నవి. ఈ స్తంభము తనంత తాను నిలువదు. పందిరి గుంజను నలుప్రక్కల తాళ్ళు బిగించి నిలిపినట్లు, పొట్ట కండరములును, వీపు కండరములును, తుంటి కండరములును దీనిని నిలుపుచున్నవి. తాళ్ళు వదులైనచో గుంజ ఊగులాడును. కండరములు బలహీనమైనచో బరువంతయు పూసలపైనను బిళ్ళలపైనను పడును.

మోకాలి సంగతియు ఇట్టిదే. ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి కలదు. దానికి రక్తనాళములు లేవు. కీలు కదలునపుడు అందలి ద్రవము లోనికి ఇంకుచు బయటికి వచ్చుచు దానిని పోషించును. కావున అరిగినదను భయముతో కీలును కదపక యుంచుట దానిని ఆకలికి మాడ్చుట వంటిది. తొడ ముందరి కండరము బలముగా నున్నచో మోకాలిపై పడు దెబ్బలో కొంత భాగము అదియే భరించును. శరీరపు బరువు ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై పడు ఒత్తిడి సుమారు నాలుగు కిలోలు తగ్గునని పరిశోధకులు కొలిచి చెప్పిరి.

మూడు అనుభవములు

ఇట్టి ఊళ్ళలో తరచు కనబడు మూడు విధముల అనుభవములను ఇచ్చట చెప్పుచున్నాము. ఇవి ఏ ఒక్కరి కథయు కావు, పలువురి విషయమున జరుగుచున్నవి.

మొదటిది కూరగాయల మడిలో పని చేయు నడివయసు స్త్రీ అనుభవము. గంప ఎత్తబోగా ఆమె నడుము పట్టినది. మొదట ఎదురుకాళ్ళతో పుట్టినవానిని పిలిపించి నడుము తొక్కించిరి. తరువాత సూది వేయించిరి. రెండు దినములు తేలికపడి మరల నొప్పి వచ్చినది. కదలవద్దని అందరును చెప్పగా నెలదినములు మంచముపై నుండెను. లేచునప్పటికి నొప్పితోపాటు నీరసమును, భయమును తోడైనవి. భౌతిక చికిత్సకుని యొద్దకు పోగా ఆయన వంచి చూచి, కాళ్ళ బలము పరీక్షించి, “అమ్మా, నీ ఎముక విరుగలేదు. నడిస్తే నడుము చెడిపోదు. నేటి నుంచే నడు” అని చెప్పెను. ఆ మాట ఆమెకు వింతగా తోచినది. పది దినములు వరుసగా రమ్మనగా ఆమె అడిగిన ప్రశ్న ఇది: “రోజూ వస్తే కూలి ఎవరిస్తరు సారూ?” మూడవనాటి తరువాత ఆమె పోలేదు.

ఈ ప్రశ్నను మనము మరువరాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. ఛార్జీ తప్పినది గాని కూలి నష్టము తప్పలేదు. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రికి గాని, పంజగుట్టలోని నిమ్స్‌కు గాని కండ్లకోయ నుండి పోయి, వరుసలో నిలిచి, చికిత్స పొంది, తిరిగి వచ్చుసరికి దినము గడచిపోవును. శస్త్రచికిత్సకు ఒక్కమారు పోవచ్చును. వ్యాయామము నేర్చుటకు పదిమార్లు పోగలవారు కొద్దిమందియే. చికిత్స పని చేయలేదని చెప్పువారిలో పలువురు చికిత్స పూర్తి చేయనివారే.

రెండవది అరువదేండ్లు దాటిన రైతు అనుభవము. రెండు మోకాళ్ళును అరిగినవి. మెట్లు దిగునపుడు కంబము పట్టుకొనవలసి వచ్చెను. ఆయన కోరినది నొప్పి పూర్తిగా పోవలెనని. చికిత్సకుడు అట్టి వాగ్దానము చేయలేదు. అరిగినది మరల మొలవదు, కండరము మాత్రము ఏ వయస్సుననైనను బలపడునని చెప్పెను. కుర్చీలో నుండి చేతుల సాయము లేక లేచుట, కాలు చాచి తొడ బిగించుట, ప్రొద్దున నడచుట నేర్పెను. మొదటి రెండు వారములు మేలు కనబడలేదు. కండరము బలపడుటకు ఆరు నుండి ఎనిమిది వారములైనను పట్టునని ముందే చెప్పియుండుటచే ఆయన మానలేదు. మూడవ నెలలో నొప్పి కొంత మిగిలియే యున్నది గాని, పొలము గట్టువరకు ఒక్కడే పోయి రాగలిగెను. భౌతిక చికిత్స ఫలమును ఇట్లే కొలువవలెను. నొప్పి ఎంత పోయినదని కాక, పని ఎంత తిరిగి వచ్చినదని చూడవలెను.

మూడవది మధుమేహము గల ఒక గృహిణి అనుభవము. భుజము కొద్దికొద్దిగా బిగిసి జడ వేసికొనుటకు చేయి పైకి రాలేదు. ఈ బిగింపు మధుమేహము గలవారిలో ఎక్కువగా కనబడును. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. ఆమెకు నేర్పినది గోడపై వ్రేళ్ళతో ప్రాకుట, బల్లపై వంగి చేతిని లోలకమువలె ఊపుట. వీటికి ఖర్చు లేదు. కాని తోడుగా చక్కెర అదుపులో నుండవలెను, ప్రతి దినము చేయవలెను. ఇరుగుపొరుగు స్త్రీలతో కూడి చేయుట మొదలిడిన తరువాతనే ఆమె క్రమము తప్పక చేయగలిగెను.

యంత్రమా, వ్యాయామమా?

భౌతిక చికిత్స యనగా వెచ్చని దీపము, విద్యుత్ యంత్రము, నడుము లాగు బల్ల యని పలువురి భావన. ఈ విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఒక మార్గదర్శిని వెలువరించినది. మూడు నెలలకు మించియుండి, ప్రత్యేక వ్యాధి కారణము కానరాని నడుము నొప్పికి వ్యాయామమును, రోగికి తన స్థితిని వివరించి చెప్పుటను, మర్దన వంటి కొన్ని చికిత్సలను అది సూచించినది. నడుము పట్టీలను, లాగుడు చికిత్సను, అల్ట్రాసౌండ్ చికిత్సను, చర్మముపై విద్యుత్తు ప్రసరింపజేయు యంత్రమును వాడుకగా వాడవద్దని చెప్పినది. యంత్రము లేదని చికిత్సాలయమును చిన్నచూపు చూడరాదు. యంత్రమునకే రొక్కము తీసికొని వ్యాయామము నేర్పని చోటును మెచ్చరాదు.

ఈ విద్య కొత్తది కాదు. 1894లో లండనులో నలుగురు నర్సులు మర్దన విద్యకై సంఘము స్థాపించిరి. 1951లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినది. ఆ స్మృతిగా సెప్టెంబరు 8ని ప్రపంచ భౌతిక చికిత్సా దినముగా జరుపుచున్నారు. మన దేశమున పోలియో బాధితుల అవసరమును చూచి 1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల నెలకొల్పిరి. నేడిది నాలుగేండ్లకు మించిన పట్టవిద్య. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము ఈ వృత్తికి క్రమబద్ధమైన గుర్తింపు నిచ్చినది. కావున శిబిరమునకు వచ్చువారి పట్టమును అడిగి తెలిసికొనుట పంచాయతీకి హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడ.

ఇంట చేయదగినవి

వైద్యుడుగాని చికిత్సకుడుగాని ఒకమారు పరీక్షించిన పిమ్మట సామాన్యముగా చేయదగిన కొన్ని వ్యాయామములు ఇవి.

1. వెల్లకిల పండుకొని మోకాళ్ళు ముడిచి, పాదములు నేలపై నుంచి, తుంటిని మెల్లగా పైకెత్తి ఐదు లెక్కించువరకు నిలిపి దింపవలెను.

2. అదే తీరున పండుకొని ఒక మోకాలిని రెండు చేతులతో రొమ్మువైపు తీసికొని వదలవలెను. తరువాత రెండవది.

3. కాలు చాచి మోకాలి క్రింద చుట్టిన తువాలు నుంచి, దానిని నేలకు అదుముచు తొడ బిగించి ఐదు లెక్కించి వదలవలెను.

4. గట్టి కుర్చీలో కూర్చుండి, చేతులు ఆనింపక లేచి, మెల్లగా కూర్చుండవలెను.

5. ప్రతి దినము నడువవలెను. పది నిముషములతో మొదలిడి వారము వారము పెంచవలెను.

మొదటి నాలుగింటిని పదేసి మార్లు, ప్రొద్దున సాయంత్రము చేయవచ్చును. చేయునపుడు కొంచెము నొప్పి కలిగిన భయము లేదు. పెరిగిన నొప్పి మరునాటికిని తగ్గకున్నచో మోతాదు తగ్గించవలెను. ఒక మోకాలు నొచ్చువారు చేతికఱ్ఱను ఎదుటి ప్రక్క చేతిలో పట్టవలెను. బరువు ఎత్తునపుడు దానిని శరీరమునకు చేరువగా నుంచుకొని, మోకాళ్ళు వంచి, మెలి తిరుగక ఎత్తవలెను.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

అన్ని నొప్పులకు వ్యాయామమే మందని తలచుటయు ప్రమాదమే. నడుము నొప్పితో కూడ మూత్రముపై గాని విరేచనముపై గాని అదుపు తప్పుట, మర్మాంగముల చుట్టు తిమ్మిరి, కాలు పడిపోవుట కనబడినచో ఆ గడియలోనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, రాత్రి నిద్ర పట్టని నొప్పి యున్నచో వెన్నెముక క్షయ వంటి వ్యాధులు ఉండవచ్చును. క్రింద పడిన తరువాత వచ్చిన నొప్పి, ఎఱ్ఱగా వాచి వేడెక్కిన కీలు, ప్రొద్దున అరగంటకు మించి వ్రేళ్ళు బిగిసియుండుట ఇవన్నియు వైద్యునికి చూపవలసినవి. మాటిమాటికి వేయించుకొను స్టెరాయిడ్ సూదులు ఎముకను గుల్ల చేయును, చక్కెరను పెంచును. నొప్పి మాత్రలు దీర్ఘకాలము మింగినచో కడుపునకును మూత్రపిండములకును హాని కలుగును.

నీటి సంగతియు గమనింపదగినది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా పల్లెలు దాని వలన ఎంత బాధపడినవో అందరు నెరిగినదే. వెన్ను బిగిసి, కీళ్ళు పట్టి మనుష్యులు వంగిపోయిరి. అట్టి చోట మంచినీరు ముందు, వ్యాయామము తరువాత. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఊరిలో పలువురికి చిన్న వయస్సుననే వెన్ను బిగిసినచో బోరు నీటిని పరీక్షింపజేయుట పంచాయతీ విధి.

పంచాయతీ ఏమి చేయగలదు?

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వాటిలో ఆరోగ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ఉన్నవి. 2010లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమమున భౌతిక చికిత్సకు చోటున్నది. 15వ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకై 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అడుగుటకు ఆధారము కలదు. అడుగవలసినది ఇది.

మొదట ఆశా కార్యకర్త సాయముతో నొప్పి వలన పని మానినవారి పట్టికను వ్రాయింపవలెను. సంఖ్య లేనిదే అధికారి వినడు.

రెండవది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి తీర్మానము పంపి, పల్లె దవాఖానాకు పక్షమునకొక నిశ్చిత దినమున భౌతిక చికిత్సకుని పంపుమని కోరవలెను. చేరువలో ఈ విద్య నేర్పు కళాశాల యున్న దానిని కూడ అడుగవచ్చును. ఒక్కనాటి శిబిరము ఫొటోకు చాలును గాని నడుమునకు చాలదు. చూచినవారే పదునాలుగవనాడు మరల వచ్చి చూడవలెను. సాయంకాలపు వేళ నిర్ణయించినచో కూలి పోదు.

మూడవది, నడుమ దినములలో చేయుటకు ఒక చోటు కావలెను. పంచాయతీ భవనములో ఒక గది, కొన్ని జంపఖానాలు, గట్టి కుర్చీలు, గోడకు పట్టుకొనుటకు కమ్మీ ఉన్న చాలును. మహిళా సంఘములవారు వారమునకు మూడు సాయంత్రములు కూడి చేసినచో ఒకరిని చూచి ఒకరు మానకుందురు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ద్వారా ఈ చిల్లర ఖర్చును ప్రతిపాదింపవచ్చును.

నాలుగవది, పంచాయతీ తానే యజమాని యని మరువరాదు. వీధులూడ్చు కార్మికులకు పొట్టి చీపుళ్ళిచ్చి దినమంతయు వంగజేయుచున్నాము. పొడవు కఱ్ఱ గల చీపురు, చెత్త నెత్తుటకు చక్రముల బండి ఇచ్చినచో ఆ నడుములు నిలుచును. ఇతరులకు చెప్పుటకు ముందు ఈ పని చేయవలెను.

ఐదవది, పంచాయతీ, దవాఖానా మెట్లకు ప్రక్క కమ్మీలు, ఒక వాలుబాట, ముసలివారు నడుమ ఆగుటకు అరుగులు, మరుగుదొడ్లలో కనీసము ఒకటి కుర్చీవలె ఎత్తుగా ఉండవలెను.

“రోజూ వస్తే కూలి ఎవరిస్తరు?” అని ఆ స్త్రీ అడిగిన ప్రశ్నకు చికిత్సకుని యొద్ద సమాధానము లేదు. చికిత్సయే ఆమె ఊరికి, ఆమె పని ముగిసిన వేళకు వచ్చినచో ఆ ప్రశ్నయే ఉండదు. ఆ పని మందు కంపెనీ చేయదు, పెద్ద ఆసుపత్రి చేయజాలదు. ఊరివారే చేయవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామమున గడచిన సంవత్సరములో నడుము, కీళ్ళ నొప్పి వలన పని మానినవారు ఎందరు? వారిలో చికిత్స మధ్యలో విడిచినవారు ఎందరు? ఏల విడిచిరి?

2. మీ గ్రామమునకు మిక్కిలి చేరువగా భౌతిక చికిత్స ఎక్కడ దొరకును? పోయి వచ్చుటకు ఎంత సమయము పట్టును?

3. మీ పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుల పనిముట్లను ఎప్పుడైనను చేతపట్టి చూచితిరా?

4. మీ త్రాగునీటిలో ఫ్లోరైడు ఎంత యున్నదో పరీక్షించిన కాగితము పంచాయతీ కార్యాలయమున కలదా?